పిల్లల వెన్ను వంకర నుంచి గబ్బిలాల నిపా దాకా: మెడికల్ రీసెర్చ్ వార్త వస్తే మనమే చదువుకోవడం ఎలా

ఫ్యామిలీ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు ఎప్పటికీ ఆగవు. ఒకటి, "పిల్లలకి వెన్ను వంకర ఉంటే బెల్టులు వేయించొద్దు, డబ్బు దండగ, ఈ ఆసనం వేయిస్తే చాలని రీసెర్చ్‌లో తేలింది" అని. రెండోది, కేరళలో నిపా (గబ్బిలాల నుంచి మనుషులకి అంటే, మెదడువాపు తెచ్చే వైరస్) కేసు వచ్చిందని టీవీలో రాగానే "పళ్ళు తినకండి, గబ్బిలాలు కొరికినవి మార్కెట్‌కి వచ్చేస్తున్నాయి, సైంటిస్టులు చెప్పేశారు" అని. రెండిట్లోనూ రీసెర్చ్ అనే మాట ఉంటుంది, ఆ రీసెర్చ్ ఏంటో మాత్రం ఉండదు.

నేను డాక్టర్ని కాదు, మెడికల్ పేపర్లు ఎడిట్ చేసే ఉద్యోగం నాది, అందుకని బంధువులంతా ఇలాంటివి నాకే పంపి "నిజమేనా చూసి చెప్పమ్మా" అంటారు. ప్రతిసారీ విడిగా చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నా. సంబంధం లేని ఈ రెండు జబ్బులూ కావాలనే తీసుకున్నా, ఎందుకంటే వెన్ను వంకర విషయంలో పిల్లల్ని రెండు గుంపులు చేసి పోల్చి చూడొచ్చు, నిపాలో అలా కుదరదు, వైరస్ అంటించి చూస్తామంటే ఎవరు ఊరుకుంటారు. ఈ రెండు రకాల స్టడీలు చదవడం వస్తే మిగతావి చాలావరకు చదివేయొచ్చు. రెండిట్లోనూ అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే, ఎవరితో పోల్చారు అని.

ముందు అసలు పేపర్ పట్టుకోండి

వార్తలో ఎక్కడో ఒకచోట యూనివర్సిటీ పేరో జర్నల్ పేరో ఉంటుంది, అది తీసుకుని పబ్‌మెడ్‌లో వెతకండి. పబ్‌మెడ్ అంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వాళ్ళు ఫ్రీగా నడిపే సెర్చ్, ఫోన్‌లోనే ఓపెన్ అవుతుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మొత్తం పేపర్ ఫ్రీగా దొరకకపోయినా అబ్‌స్ట్రాక్ట్ అని పైన ఒక పేరా ఉంటుంది, మన పనికి చాలాసార్లు అదే సరిపోతుంది. ఇంగ్లీషు కష్టమనిపిస్తే ట్రాన్స్‌లేటర్‌లో వేసుకోండి, అంకెలు మాత్రం ఒరిజినల్‌లోనే చూసుకోండి. పేజీ పైన రిట్రాక్టెడ్ అని కనిపిస్తే ఆ పేపర్‌ని వెనక్కి తీసేసుకున్నారని, ఇక చదవక్కర్లేదు. యూనివర్సిటీ లేదు, జర్నల్ లేదు, సంవత్సరం లేదు, "అమెరికా సైంటిస్టులు తేల్చారు" అని మాత్రమే ఉంటే నా మటుకు నేను అక్కడే వదిలేస్తా, వెతకను కూడా.

అబ్‌స్ట్రాక్ట్‌లో అందరూ చివరి లైను, అదే కన్‌క్లూజన్, ముందు చదువుతారు. మీరు మధ్యలో మెథడ్స్ అని ఉన్న ముక్కతో మొదలుపెట్టండి. ఎంతమంది, ఏ వయసు, ఏ దేశం, ఎవరితో పోల్చారు, ఎన్నాళ్ళు చూశారు, ఇవి అక్కడే ఉంటాయి.

వెన్ను వంకర: బెల్టు స్టడీని కలిసి చదువుదాం

మన దగ్గర బెల్టు అంటాం గానీ అది ప్లాస్టిక్ బ్రేస్, చంక కింద నుంచి తుంటి దాకా గట్టిగా పట్టి ఉంచుతుంది. దీనిమీద ఎన్నో ఏళ్ళు డాక్టర్లలోనే గొడవ ఉండేది, పనిచేస్తుందని కొందరు, ఊరికే పిల్లల్ని ఇబ్బంది పెట్టడమని కొందరు. 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన బ్రెయిస్ట్ అనే ట్రయల్‌తో ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది. అమెరికా, కెనడాల్లో 25 హాస్పిటళ్ళు, 242 మంది పిల్లలు, వయసు 10 నుంచి 15 మధ్య, వంకర 20 నుంచి 40 డిగ్రీల మధ్య, ఇంకా ఎదిగే వయసులోనే ఉన్నవాళ్ళు. ఎదుగుదల ఆగేసరికి వంకర 50 డిగ్రీలకి చేరకపోతే సక్సెస్ అన్నారు, ఎందుకంటే ఆ దగ్గర్లోకి వస్తే ఆపరేషన్ మాట మొదలవుతుంది.

ఫలితం ఏంటంటే బ్రేస్ వేసుకున్నవాళ్ళలో 72 శాతం సక్సెస్, వేసుకోనివాళ్ళలో 48 శాతం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వార్తలో "బ్రేస్‌తో 72 శాతం మందికి నయం" అని వస్తుంది, అది రెండు రకాలుగా తప్పు. మొదటిది, ఇది నయం కాదు, వంకర ముదరకుండా ఆగడం, బ్రేస్ తీశాక వెన్ను నిటారుగా అయిపోతుందని ఎవరూ అనలేదు. రెండోది, ఏమీ వేసుకోనివాళ్ళలో కూడా దాదాపు సగం మంది 50కి చేరలేదు. అంటే బ్రేస్ వల్ల వచ్చిన లాభం 72 కాదు, ఆ రెండిటి మధ్య తేడా. ఆసనం వేయించినవాళ్ళు, నూనె రాసినవాళ్ళు, మొక్కు మొక్కుకున్నవాళ్ళు "మా పిల్లకి ముదరలేదు" అని చెప్పేది అబద్ధం కాకపోవచ్చు, ఆ 48 శాతంలో వాళ్ళ పిల్ల కూడా ఉండొచ్చు అంతే.

ఇందులో ఇంకో విశేషం ఉంది. లాటరీ వేసి గుంపులు చేద్దామనుకుంటే చాలామంది తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, మా పిల్లకి ఏం చేయాలో మేమే చెప్తాం అన్నారు, చివరికి 116 మందికే లాటరీ వేయగలిగారు, మిగతా 126 మంది వాళ్ళకి నచ్చింది ఎంచుకున్నారు. ఎంచుకున్న గుంపుల్ని పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే భయం ఎక్కువున్న ఇంటివాళ్ళు బ్రేస్ వైపు వెళ్ళి ఉండొచ్చు. అందుకే లాటరీ గుంపుని విడిగా కూడా లెక్కేశారు, అక్కడ 75 శాతం, 42 శాతం వచ్చింది. రెండు దారుల్లోనూ ఒకేవైపు చూపిస్తోంది కాబట్టి నమ్మకం పెరుగుతుంది. లాభం స్పష్టంగా కనిపించడంతో ట్రయల్‌ని అనుకున్నదానికంటే ముందే ఆపేశారు.

నాకు ఈ స్టడీలో బాగా నచ్చింది చిన్న చిప్పు. బ్రేస్ లోపల టెంపరేచర్ రికార్డ్ చేసే చిప్పు పెట్టారు, ఒంటి మీద ఉంటే వెచ్చగా, మంచం మీద పడేస్తే చల్లగా, దాంతో పిల్ల చెప్పిందో తల్లి చెప్పిందో కాకుండా అసలు ఎన్ని గంటలు వేసుకుందో తెలిసిపోయింది. రోజుకి కనీసం 18 గంటలు వేసుకోమన్నారు. సగటున 12.9 గంటలు, అంతకంటే ఎక్కువ వేసుకున్నవాళ్ళలో సక్సెస్ 90 శాతం దాటింది, ఆరు గంటల లోపు వేసుకున్నవాళ్ళకి అసలు వేసుకోనివాళ్ళకి పెద్ద తేడా లేదు. కాబట్టి "మా అమ్మాయికి బెల్టు పనిచేయలేదు" అని ఎవరైనా అంటే ముందు ఎన్ని గంటలు వేసుకుందో అడగాలి. అలాగని పిల్లని తిట్టక్కర్లేదు, ఎనిమిదో క్లాసు పిల్ల ఎండల్లో యూనిఫామ్ కింద ఆ ప్లాస్టిక్ వేసుకుని బడికెళ్ళడం మాటలా? ఈ ట్రయల్ జరిగింది అమెరికా, కెనడాల్లో, ఒంగోలు ఎండలో కాదు, అది కూడా గుర్తుపెట్టుకునే చదవాలి.

డిగ్రీల సంగతి

ఎక్స్-రే మీద వంకరని కొలిచే లెక్కని కాబ్ యాంగిల్ అంటారు, జాన్ కాబ్ అనే అమెరికా డాక్టర్ 1948లో పెట్టిన పద్ధతి. 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్ అనే పేరు పెడతారు. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ పిల్లల్లో 2, 3 శాతం మందికి ఎంతో కొంత ఉంటుంది, వాళ్ళలో ఎక్కువమందికి ట్రీట్‌మెంటే అక్కర్లేదు. ముదిరేది ఆడపిల్లల్లోనే బాగా ఎక్కువ. స్కూల్ బ్యాగ్ బరువు వల్ల నడుంనొప్పి రావొచ్చేమో గానీ ఈ వంకర రాదు, ఆ ఒక్కటి తల్లులు మనసులోంచి తీసేయండి.

అసలు విషయం, ఒకే ఎక్స్-రేని ఇద్దరు కొలిస్తే 5 డిగ్రీల దాకా తేడా రావొచ్చు. అంటే నిన్న 24, ఇవాళ 20 వచ్చిందంటే తగ్గిందని కాదు, 24 నుంచి 27కి పోయిందంటే ముదిరిందనీ కాదు. "మా థెరపీతో నాలుగు డిగ్రీలు తగ్గింది" అని ముందు ఫోటో, తర్వాత ఫోటో పెట్టే వీడియోలని ఈ ఒక్క అంకెతో పక్కన పెట్టేయొచ్చు. పైగా అందులో పోల్చడానికి రెండో గుంపు ఉండదు.

ఇంట్లో చూసుకోవడం తేలికే. పాదాలు రెండూ దగ్గర పెట్టి, మోకాళ్ళు వంచకుండా, రెండు అరచేతులూ కలిపి కిందకి వేలాడేస్తూ నడుం దగ్గర ముందుకి వంగమనండి, బనీను లాంటివి తీసేసి, ఆడపిల్లయితే అమ్మే చూడాలి. మీరు వెనక కింద కూర్చుని వీపు ఎత్తులో మీ కళ్ళు పెట్టి చూడండి. ఒకవైపు పక్కటెముకల దగ్గర రెండోవైపు కంటే ఎత్తుగా లేస్తే డాక్టర్‌కి చూపించాలి. ఇది 1865లో విలియం ఆడమ్స్ చెప్పిన పరీక్ష, ఇప్పటికీ డాక్టర్లు ఇదే చేస్తారు, దానిమీద స్కోలియోమీటర్ అనే చిన్న పరికరం పెట్టి వీపు ఒరుగు 7 డిగ్రీలు ఉంటే ఎక్స్-రే తీయిస్తారు. ఈ 7, పైన చెప్పిన కాబ్ డిగ్రీలూ ఒకటి కాదు, కలిపేసుకోకండి.

బడుల్లో అందరు పిల్లలకీ ఈ పరీక్ష చేయాలా అని అమెరికాలో ఒక ప్రభుత్వ నిపుణుల కమిటీ పరిశీలించి 2018లో "లాభమో నష్టమో చెప్పడానికి ఆధారాలు చాలవు" అంది. దీన్నే కొందరు "పరీక్ష దండగని తేల్చారు" అని రాసేశారు. చాలవు అనడం వేరు, దండగ అనడం వేరు. పేపర్లలో ఈ మాట కనిపించినప్పుడల్లా జాగ్రత్తగా చదవండి.

ఎక్స్-రేల వల్ల క్యాన్సర్ అనే ఫార్వర్డ్ కూడా తిరుగుతుంది, దాని వెనక నిజంగానే ఒక స్టడీ ఉంది. 2000లో వచ్చింది, అమెరికాలో వెన్ను వంకర ఉన్న 5,573 మంది ఆడవాళ్ళని చూస్తే బ్రెస్ట్ క్యాన్సర్‌తో 46 మంది దాకా చనిపోతారని లెక్క ఉన్నచోట 77 మంది చనిపోయారు. భయపడాల్సిన అంకెలే, కానీ వాళ్ళకి జబ్బు బయటపడింది 1912 నుంచి 1965 మధ్యలో, అప్పటి మెషీన్ల డోస్ వేరు, ఒక్కొక్కరికి సగటున పాతిక దాకా ఎక్స్-రేలు తీశారు. ఎక్స్-రే వద్దని మొండికేయకుండా దీన్నుంచి తీసుకోవాల్సింది ఇంతే, వీపు వైపు నుంచి తీసే ఫిల్మ్ అడగండి, రొమ్ము మీద పడే డోస్ తగ్గుతుంది, అవసరం లేకుండా ప్రతి హాస్పిటల్‌లో మళ్ళీ కొత్తది తీయించకండి, పాత ఫిల్ములు దాచుకోండి.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన తేడా. పైదంతా పక్కకి వంగే రకం, కారణం తెలియని రకం గురించి. పిల్లకి వీపు మధ్యలో ముందుకి గూని లేస్తోంది, నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళు తడబడటం ఉంటే బ్రేస్ పేపర్లు చదువుతూ కూర్చోవద్దు, మన దేశంలో ముందు అనుమానించాల్సింది వెన్ను టీబీ. దానిమీద మంచి రీసెర్చ్ మన పక్కనే జరిగింది, కోయంబత్తూరు గంగా హాస్పిటల్ డాక్టర్ రాజశేఖరన్ 2001లో రాసిన పేపర్ ప్రకారం టీబీ తగ్గిపోయాక కూడా కొందరు పిల్లల్లో ఎదుగుతున్నకొద్దీ గూని పెరుగుతూనే ఉంటుంది, కొందరిలో తగ్గుతుంది. మందులు అయిపోయాయని చూపించుకోవడం మానేయకూడదని దాని అర్థం, ఎదుగుదల ఆగేదాకా ఎక్స్-రే చూపిస్తూ ఉండాలి.

గబ్బిలాలు: లాటరీ వేయలేని చోట

నిపా మొదట బయటపడింది మలేషియాలో, 1998 చివర్లో పందుల ఫారాల్లో పనిచేసేవాళ్ళకి మెదడువాపు వచ్చింది, మొదట దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు, తగ్గలేదు. 1999లో చువా కా బింగ్ అనే డాక్టర్ కొత్త వైరస్‌ని పట్టుకున్నాడు. 265 మందికి వస్తే 105 మంది పోయారు, పది లక్షల పైన పందుల్ని చంపేశారు. ఫారాల పక్కన మామిడి చెట్లు, వాటిమీద పండ్ల గబ్బిలాలు, అవి కొరికి పడేసిన పళ్ళు పందులు తినడం, అలా అంటిందని తేలింది.

బంగ్లాదేశ్‌లో పందుల పెంపకం చాలా తక్కువ, అయినా జబ్బు వస్తోంది. ఎలా? 2005లో టంగాయిల్ అనే జిల్లాలో 12 మందికి వచ్చింది, 11 మంది చనిపోయారు. ఇక్కడ ఎవరికీ ఏమీ అంటించి చూడలేరు కదా, అందుకని వెనక్కి నడిచారు. జబ్బు వచ్చిన ప్రతి మనిషికీ అదే చుట్టుపక్కల జబ్బు రాని ముగ్గుర్ని తీసుకుని అందరినీ ఒకే ప్రశ్నలు అడిగారు, చెట్టెక్కావా, గబ్బిలం చూశావా, సగం తిన్న పండు తిన్నావా, రోగి దగ్గరికి వెళ్ళావా, పచ్చి ఈత రసం తాగావా. జబ్బు వచ్చినవాళ్ళలో 64 శాతం మంది పచ్చి ఈత రసం తాగారు, రానివాళ్ళలో 18 శాతం. దీన్నే కేస్ కంట్రోల్ స్టడీ అంటారు. పన్నెండు మందితో ఏం తేలుతుంది అని మీరు అడగొచ్చు, మంచి ప్రశ్నే, పైగా చనిపోయినవాళ్ళ బదులు ఇంట్లోవాళ్ళు గుర్తు తెచ్చుకుని చెప్పాలి, మరుపు ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క పేపర్ చూసి ఒప్పుకోనక్కర్లేదు. తర్వాత ఏం చేశారో చూడండి, ఈత చెట్లకి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు కట్టారు, రాత్రిపూట గబ్బిలాలు వచ్చి చెక్కిన చోట రసం నాకడం కళ్ళారా దొరికింది. ఆ చెక్కిన చోటికి, కుండకి వెదురు తడిక చుడితే అవి రసాన్ని ముట్టుకోలేకపోయాయి. చిన్న స్టడీ, దానికి కెమెరా సాక్ష్యం, అడ్డం పెడితే ఆగడం, మూడూ ఒకే దారి చూపిస్తుంటే అప్పుడు నమ్మాలి.

ఇది మన తెలంగాణ వాళ్ళకి బాగా అర్థమవుతుంది, ఆ చెట్టు మన ఈత చెట్టే, అక్కడి కుండ మన లొట్టే. అలాగని ఈత కల్లు తాగితే నిపా వస్తుందని రాసేయకండి, మన దేశంలో మనుషుల్లో బయటపడిన కేసులు పశ్చిమ బెంగాల్, కేరళల్లోవి. "కల్లు పులుస్తుంది కాబట్టి వైరస్ చచ్చిపోతుంది" అనే ధీమా కూడా వద్దు, బంగ్లాదేశ్‌లోనే పులిసిన రసం తాగినవాళ్ళకీ వచ్చిన కేసులు పేపర్లలో ఉన్నాయి. గీసేవాళ్ళు మీకు తెలిసినవాళ్ళయితే రాత్రి లొట్టి మూతిని, చెక్కిన చోటుని కప్పమని చెప్పడం ఖర్చు లేని పని.

2018 కేరళ వార్తలు ఇంకో పాఠం. కోళికోడ్ జిల్లాలో మొదట నిపా వచ్చిన ఇంటివాళ్ళ బావిలో గబ్బిలాలు ఉన్నాయి, వాటిని టెస్ట్ చేస్తే నెగెటివ్, వెంటనే "గబ్బిలాల తప్పు కాదట" అని హెడ్డింగులు. తీరా చూస్తే బావిలో ఉన్నవి పురుగులు తినే గబ్బిలాలు, నిపా ఉండేది పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో. తర్వాత ఆ పెద్దవాటిని 52 పట్టి చూస్తే 10 పాజిటివ్. ఏ జంతువుని, ఎక్కడ, ఎన్నిటిని చూశారో అడగకుండా నెగెటివ్ అనే మాటని నమ్మకూడదు. పాజిటివ్‌ని కూడా అంతే, గబ్బిలంలో ఆంటీబాడీ (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యేది) దొరికిందంటే ఎప్పుడో వైరస్ తగిలిందని, ఇప్పుడు దాని ఒంట్లో వైరస్ ఉందని కాదు.

మృతుల లెక్క కూడా ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది, అప్పట్లో ప్రభుత్వం చెప్పింది 17, తర్వాత వచ్చిన పేపర్‌లో 23 కేసులు, 21 మరణాలు. ఎవరో దాచారని కాదు, పేపర్‌లో ల్యాబ్‌లో తేలిన 18 మందితో పాటు శాంపిల్ తీసేలోపే పోయిన, లక్షణాలు సరిపోయిన ఐదుగుర్ని కూడా కలిపారు. ఆ పేపర్లోనే అసలు చూడాల్సింది వేరే ఉంది, మొదటి మనిషి తప్ప మిగతావాళ్ళకి మనుషుల నుంచే, అదీ ఎక్కువగా హాస్పిటళ్ళలోనే అంటింది. 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురిలోనూ అదే కథ, 66 మందికి వచ్చి 45 మంది పోయారు, ఎక్కువమంది హాస్పిటల్ స్టాఫ్, చూడ్డానికి వెళ్ళినవాళ్ళే. మన అలవాటు తెలుసు కదా, ఎవరికైనా బాలేదంటే ఊరంతా వార్డులో ఉంటాం. నిపా వచ్చిన ఊళ్ళో ఉంటే పళ్ళ గురించి భయపడేదానికంటే ఆ పరామర్శ మానుకోవడం మేలు. పళ్ళు కడిగి, తొక్క తీసి తినండి, గాటు ఉన్నది పారేయండి, అయిపోయింది. గబ్బిలాలున్న చెట్లు కొట్టేయడం, టపాకాయలు పేల్చడం మాత్రం చేయకండి, చెదిరి ఇంకో ఊరికి పోతాయి తప్ప జబ్బు పోదు.

"మందు కనిపెట్టేశారు" అంటే

ఈ వార్తకి ఒక్కటే చూడండి, ఏ దశ అని. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ నిపా టీకా మొదటి ట్రయల్ 2024 జనవరిలో మొదలైంది, 51 మంది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మీద. మొదటి దశ అంటే ముందుగా చూసేది ఒంటికి పడుతుందా లేదా, జబ్బుని ఆపుతుందా అనేది ఆ 51 మందితో తేలదు. ఎం102.4 అనే ఆంటీబాడీ మందు కూడా అంతే, ఆస్ట్రేలియాలో 40 మంది ఆరోగ్యవంతులకి ఇచ్చి చూశారు, 2020లో పేపర్ వచ్చింది. వెన్ను వైపు కూడా ఇలాంటిదే ఉంది, రాడ్లు బిగించే బదులు తాడు లాంటిదాన్ని స్క్రూలకి కట్టి ఎదుగుదలతోనే వంకర సరిచేసే ఆపరేషన్, అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, అయితే అది తక్కువమందికి వచ్చే జబ్బుల కోసం ఉండే ప్రత్యేక దారిలో, అక్కడ పనిచేస్తుందని మామూలుగా అడిగేంత రుజువు అడగరు. ఎవరైనా మీ పిల్లకి అదే చేద్దామంటే తర్వాత తాడు తెగిన కేసులు ఎన్ని, రెండో ఆపరేషన్ ఎంతమందికి పడింది అని అడగండి.

మన దేశంలో ఎక్కడైనా "ట్రయల్‌లో చేరండి, ఫ్రీ" అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో ఆ ట్రయల్ ఉందో లేదో చూడండి, పొట్టిగా సీటీఆర్ఐ అంటారు, 2009 నుంచి మన దేశంలో మందుల ట్రయల్స్ మొదలవ్వక ముందే అందులో ఎక్కించడం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే ఇవ్వాలి, ఆ నంబర్ వేస్తే ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, ఎవరితో పోలుస్తున్నారు, డబ్బు ఎవరిది అన్నీ అందులోనే కనిపిస్తాయి. నంబర్ లేదంటే సంతకం పెట్టకండి.